ఇంటి పెద్దకు మతి తప్పితే ఎవరిని అడగాలి?

"ముసల్తనంల మతి వోవుడు మామూలే గదా, దానికి దవాఖాన ఎందుకు?"

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. దాని వెనకాలే ఇంకో ప్రశ్న ఉంటుంది. అది ఇంటి కోడలి గొంతులోనే ఆగిపోతుంది: "మామూలే అయితే నేను ఇంతగా ఎందుకు అలిసిపోతున్న? ఎవలకు చెప్పుకోవాలె?"

ఈ అధ్యాయం ఆ రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతుంది. మొదటిదానికి మెదడు గురించి కొంత తెలియాలి. రెండోదానికి మన చుట్టూ ఉన్న సాయం గురించి తెలియాలి. ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. కానీ చూసుకునే మనిషికి అండ దొరికితే ఆమె ఆరోగ్యం నిలుస్తుందని, జబ్బుపడ్డ పెద్దలు ఎక్కువ కాలం ఇంటిపట్టునే ఉండగలుగుతారని పరిశోధనలు కొలిచి చూపించాయి. అందుకే రెండో ప్రశ్నకే ఇక్కడ ఎక్కువ చోటిస్తున్నాను.

వయసా, జబ్బా?

వయసు మీద పడితే జ్ఞాపకం కొంత మందగిస్తుంది. ఎదురింటి మనిషి పేరు చప్పున తోచదు, సాయంత్రానికి గుర్తొస్తుంది. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టామో వెతుక్కుంటాం. ఇందులో భయపడాల్సింది లేదు.

జబ్బు వేరుగా కనిపిస్తుంది. నలభై ఏళ్ళుగా వండుతున్న మనిషికి అన్నానికి ఎసరు ఎంత పెట్టాలో తెలియకుండా పోతుంది. రోజూ నడిచే దారిలో పొలం నుంచి ఇల్లు చేరలేకపోతారు. అడిగిందే అయిదు నిమిషాలకోసారి అడుగుతారు. ఐదు వందల నోటుకూ వంద నోటుకూ తేడా తెలియదు. చీర కట్టుకోవడంలో తడబడతారు. అలవాటైన పని చెడడం, అది నెలలు గడిచేకొద్దీ పెరగడం అసలు గుర్తు. దీన్నే వైద్యులు డిమెన్షియా అంటారు. మనం మతి భ్రంశం అనుకోవచ్చు. ఇది ఒకే జబ్బు పేరు కాదు. ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్. బీపీ, షుగర్, పక్షవాతం వల్ల మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది ఇంకోటి. అరుదైనవి మరికొన్ని ఉన్నాయి.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని తీసుకొచ్చారు. మరుపు కంటే ముందు ఇంటివాళ్ళు గమనించింది, ఆమెకు భర్త మీద పుట్టిన అకారణమైన అనుమానం. ఆమెను పరీక్షించిన వైద్యుడు అలోయిస్ అల్జీమర్. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శిని కింద చూసి, కణాల మధ్య ప్రొటీన్ పేరుకున్న మచ్చలను, కణాల లోపల చిక్కుపడిన పోగులను గుర్తించాడు. 1910లో ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు.

ఆగస్టె అనుమానాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మన ఇళ్ళలో కూడా గొడవ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. అత్తమ్మ పింఛను పైసలు బొడ్లో సంచిలోంచి తీసి బియ్యం డబ్బాలో దాస్తుంది, దాచిన సంగతే తెలియదు. "నా పింఛన్ పైసలు ఏడవెట్టినవే?" అని కోడలి మీద పడుతుంది. కోడలు అవమానంతో ఏడుస్తుంది. వాకిట్లో నలుగురూ పోగవుతారు. ఇదంతా జబ్బు లక్షణమని తెలిస్తే ఆ మాట గుచ్చుకునే తీరు మారుతుంది. చెప్పేవాళ్ళు లేకపోతే ఆ ఇల్లు రెండుగా చీలుతుంది.

ఇలాంటి ఇళ్ళు ఎన్ని? 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది, అంటే సుమారు 88 లక్షల మంది. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో, పట్నాల్లో కంటే పల్లెల్లో ఇది ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జనం కలిపి 65 లక్షలు. అందులో పదోవంతు 60 దాటినవాళ్ళనుకున్నా, 7.4 శాతం అంటే దాదాపు 48 వేల మంది అవుతారు. ఇది అంచనాయే. అయినా ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి ఇళ్ళు కొన్ని ఉంటాయని అర్థం చేసుకోవడానికి సరిపోతుంది.

కాలువ పూడిన చెరువు

మన జిల్లాల్లో చెరువు ఎలా నిండుతుందో అందరికీ తెలుసు. వాన నీళ్ళు వాగులోంచి కాలువ గుండా చెరువులోకి వస్తాయి. ఆ కాలువ పూడిపోయిందనుకోండి. పైన ఎంత వాన కురిసినా కొత్త నీళ్ళు లోపలికి రావు, పక్కకు పారిపోతాయి. చెరువులో ముందునుంచీ ఉన్న నీళ్ళు మాత్రం చాలాకాలం అలాగే ఉంటాయి.

మెదడులో ఆ కాలువ పని చేసే భాగం హిప్పోకాంపస్. రెండు చెవుల లోపలి వైపు, మెదడు లోతున ఒక్కొక్కటి ఉంటుంది. ఇప్పుడు జరిగిన సంగతి రేపటికి జ్ఞాపకంగా నిలవాలంటే దీని గుండానే పోవాలి. అల్జీమర్స్ సాధారణంగా మొదట దెబ్బతీసేది ఈ ప్రాంతాన్నే. అమైలాయిడ్, టౌ అనే ప్రొటీన్లు అక్కడ పూడికగా పేరుకుంటాయి.

అత్తమ్మ పొద్దున తిన్న బువ్వను "మర్చిపోయింది" అనడం సరికాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ సంగతి లోపలికి చేరనే లేదు. "ఇప్పుడే తింటివి గదా, అప్పుడే మర్చిపోతివా?" అని నిలదీస్తే చెరువులోకి రాని నీళ్ళను చెరువులో వెతికినట్టే. ఆమెకు నిజంగానే తినలేదనిపిస్తుంది. పెళ్ళినాటి సంగతులు, చిన్నప్పుడు మోట కొట్టిన బావి మాత్రం పూసగుచ్చినట్టు చెబుతుంది. అది చూసి "గవన్నీ యాదికుంటయి గని బువ్వ తిన్నది యాదికుండదా, నటిస్తున్నది" అని ఇంట్లోవాళ్ళు అపార్థం చేసుకుంటారు. నటన ఏమీ లేదు. పాత నీళ్ళు ఉన్నాయి, కొత్త నీళ్ళు రావడం లేదు.

జబ్బు ముదిరేకొద్దీ ఉన్న నీళ్ళూ తగ్గుతాయి. దగ్గరి ఏళ్ళు ముందు పోతాయి, దూరపు ఏళ్ళు తరువాత పోతాయి. డెబ్బై ఏళ్ళ మనిషి తనకు ఇరవై ఏళ్ళని నమ్మి, సొంత ఇంట్లో కూర్చునే "నేను ఇంటికి వోత, మా అవ్వ ఎదురు చూస్తది" అని బయలుదేరేది ఆ దశలోనే. దుబాయి నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తే తెర మీద నెరిసిన గడ్డం మనిషిని చూసి బెదురుతుంది. ఆమెకు తెలిసిన కొడుకు బడికి పోయే పిల్లవాడు.

అయితే ఈ చెరువుకు నీళ్ళొచ్చే దారులు ఇంకా ఉన్నాయి. చేతులకు అబ్బిన నైపుణ్యం మెదడులో వేరే చోట ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎంతోమంది ఆడవాళ్ళు జీవితమంతా బీడీలు చుట్టారు. మనవడి పేరు చెప్పలేని అవ్వ చేతికి చాట, తడిపిన తునికాకు, కత్తెర ఇస్తే కొలత రేకు పెట్టి ఆకును చకచకా కత్తిరించగలదు. తంబాకు లేకుండా ఆకు మాత్రమే ఇస్తే అది ఆమెకు మంచి వ్యాపకం, ఇంటివాళ్ళకు ఒక గంట ఊపిరి. కత్తెర చేతిలో ఉన్నంతసేపు పక్కన ఎవరైనా ఉండాలి. దశ ముదిరితే ఆకులు సర్దే పని ఇవ్వాలి.

మనసుకు తగిలిన భావం దారి కూడా వేరే. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవారు అల్జీమర్స్ ఉన్నవారికి ఏడిపించే సినిమా ముక్కలు, నవ్వించే ముక్కలు చూపించారు. కాసేపటికి చూసిన సంగతి చాలావరకు మరిచిపోయారు. దుఃఖం, సంతోషం మాత్రం మనసులో మిగిలే ఉన్నాయి. కసురుకున్న మాట యాదిలో ఉండదు, అది పెట్టిన బాధ ఉంటుంది. ప్రేమగా తల దువ్విన సంగతి నిలవదు, దువ్వితే కలిగిన నెమ్మది నిలుస్తుంది. "ఎట్లాగూ గుర్తుండదు కదా, ఎంత చేసి ఏం లాభం?" అని అలసిపోయి అడిగే ప్రతి కోడలికీ, ప్రతి కూతురికీ ఈ ఫలితం తెలియాలి.

ముందు తేల్చుకోవలసినవి

మతి తప్పినట్టు కనబడే ప్రతిదీ అల్జీమర్స్ కాదు. సరిచేయగల కారణాలు కొన్నున్నాయి. విటమిన్ బీ12 లోపం, థైరాయిడ్ మందగించడం, దిగులు జబ్బు, పడి తలకు దెబ్బ తగిలాక వారాల తరబడి నెమ్మదిగా పేరుకునే రక్తపు గడ్డ, కొన్ని నిద్రమాత్రలు. వీటిని పట్టుకుంటే మనిషి చాలావరకు కోలుకోవచ్చు. చెవుడు, కంటి శుక్లం ఉన్నా మతి పోయినట్టే అనిపిస్తుంది.

నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు మూడు రోజుల్లోనే అయోమయంగా మాట్లాడితే అది మరీ తొందరగా చూడాల్సిన సంగతి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో ఉప్పు తగ్గడం, న్యుమోనియా ఇలా బయటపడతాయి. వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

రక్తపరీక్షల కోసం హైదరాబాద్ దాకా పోనక్కరలేదు. 2021 నుంచి కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు పనిచేస్తున్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం తీస్తే పరీక్ష ఉచితంగా జరుగుతుంది. తలకు స్కానింగ్ అవసరమైతే డాక్టరు పెద్ద దవాఖానకు రాస్తారు.

చాలా ఇళ్ళలో మొదటి నడక దవాఖానకు కాకుండా మంత్రగాడి దగ్గరికి సాగుతుంది. గాలి సోకిందని, బాణామతి చేశారని అంటారు. మనసు ఊరట కోసం ఎక్కడికి పోయినా పోండి. నయం చేయగల కారణం ఏదైనా ఉంటే మాత్రం ఆ నెలల్లో అది చేజారిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. చేతబడి అనుమానంతో పెద్దవాళ్ళను కొట్టిన, చంపిన ఘోరాలు తెలంగాణ పల్లెల్లో జరిగాయి. రాత్రిపూట తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే ముసలమ్మకు ఉన్నది జబ్బని ఊరందరికీ తెలిస్తే ఆమెకు అదే రక్షణ.

అయిదు భాషల నేల

డిమెన్షియాను తేల్చే పరీక్షలు చాలావరకు చదువుకున్నవాళ్ళ కోసం తయారైనవి. తేదీ చెప్పమంటాయి, ఒక వాక్యం రాయమంటాయి, వందలోంచి ఏడు తీసేసుకుంటూ పొమ్మంటాయి. బడి మొహం చూడని అవ్వ ఇందులో తప్పితే అది జబ్బా, చదువులేమా? దీన్ని దాటడానికి భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా అయిదు భాషల్లో మన జనానికి తగిన పరీక్షలు తయారుచేయించింది. వాటితో పాటు ఇంటివాళ్ళు చెప్పే సంగతులు చాలా ముఖ్యం. "ఇదివరకు ఏం చేసేది, ఇప్పుడేం చేయలేకపోతున్నది?" అన్నదానికి సరైన జవాబు ఇంట్లోనే దొరుకుతుంది. దవాఖానకు పోయేముందు ఒక కాగితం మీద నాలుగైదు ఉదాహరణలు, అవి ఎప్పుడు మొదలయ్యాయో రాసుకుపోతే డాక్టరు పని సగం తేలికవుతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవారి కంటే రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలో కూడా ఆ తేడా కనబడింది. అంటే ఆ మేలు బడి వల్ల వచ్చింది కాదు. ఒక భాష మాట్లాడుతూ ఇంకోదాన్ని ఆపుకునే రోజువారీ సాధన మెదడుకు బలమిస్తుందని శాస్త్రవేత్తల భావన.

ఆదిలాబాద్‌లో గోండీ, కొలామీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒకే సంతలో వినిపిస్తాయి. ఆ భాషా సంపద అక్కడి పెద్దల మెదళ్ళకు ఒక అండ. జబ్బు వచ్చాక మాత్రం ఇదే సమస్య కావచ్చు. జబ్బు ముదిరేకొద్దీ తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి, తల్లిభాష మిగలడం తరచుగా జరుగుతుంది. ఉట్నూర్ వైపు నుంచి వచ్చిన గోండు పెద్దాయనను దవాఖానలో తెలుగులో అడిగితే జవాబు రాకపోవచ్చు, అదే ప్రశ్న గోండీలో అడిగితే రావచ్చు. తోడుగా ఆ భాష తెలిసిన మనిషి వెళ్ళాలి. డాక్టర్లు కూడా ఏ భాషలో పరీక్షించారో చీటీ మీద రాయాలి.

ఇంట్లో పనికొచ్చే పద్ధతులు

మందుల సంగతి క్లుప్తంగా. డోనెపెజిల్ వంటి మాత్రలు కొందరిలో లక్షణాలను కొంతకాలం తేలిక చేస్తాయి, జబ్బును ఆపవు. 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చిన లెకానెమాబ్ తొలి దశలో ఉన్నవారికే పనికొస్తుంది, జబ్బు వేగాన్ని కొద్దిగా తగ్గిస్తుంది. గొడవ చేస్తున్నారని ఆర్‌ఎంపీ దగ్గర మత్తు మందులు తేవడం మాత్రం ప్రమాదకరం. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో కొన్ని మానసిక జబ్బుల మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది. వాటిని నిపుణులు రాస్తేనే, వారు చెప్పినన్నాళ్ళే వాడాలి.

అందుకే రోజు గడిచే తీరే ఇక్కడ ప్రధాన చికిత్స. వాదించకూడదు. "మీ అవ్వ చచ్చిపోయి ముప్పై ఏండ్లాయె" అంటే ఆమెకు అది కొత్త చావు వార్త, మళ్ళీ ఏడుస్తుంది. "మీ అవ్వ యాదికొచ్చిందా? ఆమె ఏం వండేది చెప్పు అత్తమ్మా" అంటే మాట మళ్ళుతుంది. పైసలు పోయాయంటే "పా, ఇద్దరం కలిసి ఎతుకుదాం" అనాలి. ఒకసారికి ఒకే మాట చెప్పాలి. "తానం చేసి, బట్టలు మార్చుకొని, బువ్వ తిను" అంటే మూడూ కలగాపులగమైపోతాయి.

స్నానం దగ్గర పేచీ ఎక్కువ. నీళ్ళు నెత్తిన గుమ్మరిస్తే భయపడతారు. ముందు కాళ్ళ మీద, తరువాత చేతుల మీద పోసి, ఒంటి మీద తువ్వాల కప్పి ఉంచితే సిగ్గూ బెదురూ తగ్గుతాయి. పొద్దుగూకే వేళ అలజడి పెరుగుతుంది. చీకటి పడకముందే దీపాలు వేయాలి, పగటి నిద్ర తగ్గించాలి, సాయంత్రం కాసేపు నడిపించాలి. బావి మీద మూత, కట్టెల పొయ్యి, గ్యాస్, పొలం మందుల డబ్బాలు రోజూ చూసుకోవాలి. ఇంటినుంచి వెళ్ళిపోతే గుర్తుపట్టడానికి ఫోన్ నంబర్ చెక్కిన కడియం వేయించి, ఇటీవలి ఫొటో దగ్గర పెట్టుకోవాలి. కనబడకపోతే రాత్రంతా వెతికి తెల్లారి చెబుదామనుకోకుండా వెంటనే 100కు లేదా 112కు ఫోన్ చేయాలి.

జబ్బు తొలి దశలో ఉండగానే ఇంకో పని ఉంది. పట్టా పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా, నామినీ వంటివి ఆ పెద్దమనిషి మాట్లాడి, అర్థం చేసుకోగలిగినప్పుడే, వారి ఇష్టం అడిగి సర్దుకోవాలి. అర్థంకాని స్థితిలో వేయించిన వేలిముద్ర ఆ మనిషికి అన్యాయం, అన్నదమ్ముల మధ్య తగాదాకు మొదలు.

చూసుకునేవాళ్ళను చూసేదెవరు?

పొద్దున పిల్లలను బడికి పంపి, వంట చేసి, వెయ్యి బీడీలు చుట్టి, రాత్రి మూడుసార్లు లేచే కోడలిని తలుచుకోండి. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఆడబిడ్డ పండుగకు వస్తుంది. కొత్త మనుషులు వస్తే జబ్బు మనిషి కాసేపు చక్కగా మాట్లాడడం ఈ జబ్బులో మామూలే. "మా అవ్వ బాగనే ఉన్నది, నువ్వే ఎక్కువ చెప్తున్నవ్" అనేసి ఆడబిడ్డ బస్సెక్కుతుంది. చూసుకునేవాళ్ళకు దిగులు జబ్బు, నిద్రలేమి, నడుము నొప్పి రావడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ కోపంలో ఒకరోజు చేయి లేస్తుంది, తరువాత ఆమే కుమిలిపోతుంది.

ఇక్కడ సాయం ఏం చేయగలదో గోవాలో చూశారు. 2008లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో 81 కుటుంబాలను చీటీలు తీసినట్టు రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గం ఇళ్ళకు, వైద్య డిగ్రీలు లేని స్థానికులే శిక్షణ పొంది వెళ్ళారు. జబ్బు గురించి వివరించారు, చూసుకునేవారి గోడు విన్నారు, పేచీలకు ఉపాయాలు చెప్పారు, పింఛను కాగితాల్లో తోడున్నారు. అవసరమైతే మానసిక వైద్యులను కలిపారు. ఆరు నెలల్లో ఆ ఇళ్ళలో చూసుకునేవారి మానసిక ఆరోగ్యం మెరుగుపడింది.

న్యూయార్క్‌లో మేరీ మిటెల్‌మన్ బృందం 406 మంది జీవిత భాగస్వాములను ఏళ్ళ తరబడి పరిశీలించి 2006లో ఫలితం చెప్పింది. కుటుంబమంతటినీ కూర్చోబెట్టి మాట్లాడడం, చూసుకునేవాళ్ళ సంఘంలో చేర్చడం, కావాలన్నప్పుడు ఫోన్‌లో సలహా ఇవ్వడం, ఇంతే ఆ సాయం. అది పొందిన ఇళ్ళలో పెద్దలను ఆశ్రమాలకు పంపాల్సిన రోజు సగటున 557 రోజులు వెనక్కి జరిగింది.

ఆ రెండు చోట్లా పనిచేసింది ఖరీదైన యంత్రం కాదు. తెలిసిన మనిషి, వినే చెవి, కుటుంబంలో పని పంపకం. గల్ఫ్‌లో ఉన్న కొడుకు కూడా ఇందులో భాగస్వామి కాగలడు. ఫోన్ చేసినప్పుడు ముందు భార్య ఎలా ఉందో అడగాలి. అక్కచెల్లెళ్ళతో మాట్లాడి, నెలలో వారం తల్లిని వాళ్ళింట్లో ఉంచడమో, లేదా వాళ్ళే వచ్చి ఉండడమో కుదర్చాలి. చోటు మారితే అలజడి పెరిగేవారికి రెండోదే మేలు. పగటిపూట రెండు గంటలు తోడుండే మనిషికి కూలి పంపాలి. ఇవి కడుపున పుట్టినవాళ్ళ బాధ్యతలు, కోడలికి చేసే ఉపకారాలు కావు.

ఎక్కడికి పోవాలి?

ముందు ఊళ్ళోని ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు చెప్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్, రక్తపరీక్షలు అవుతాయి. అక్కణ్ణించి జిల్లా దవాఖానకు, కరీంనగర్‌లోనో, ఆదిలాబాద్ రిమ్స్‌లోనో మానసిక వైద్య విభాగానికి చూపించుకోవచ్చు. "పిచ్చి దవాఖానకు ఎందుకు?" అని సంకోచించకండి. మతి భ్రంశంలో వచ్చే అనుమానాలకు, నిద్రలేమికి వైద్యం తెలిసినవారు వాళ్ళే. సింగరేణి కుటుంబాలకు గోదావరిఖని, బెల్లంపల్లి వంటిచోట్ల కంపెనీ ఆసుపత్రులున్నాయి. చిక్కుముడిగా ఉన్న జబ్బయితే హైదరాబాద్‌లో నిమ్స్ నరాల విభాగం ఉంది.

రాత్రి రెండింటికి ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఇది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. జబ్బుపడ్డవారి గురించే కాకుండా, చూసుకుంటూ కుంగిపోయిన మీ గురించి కూడా చెప్పుకోవచ్చు. పెద్దల కోసం ప్రత్యేకంగా ఎల్డర్ లైన్ 14567 ఉంది. హైదరాబాద్‌లో చిన్నగా మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించింది. పింఛను, చట్టం, ఆదరణ లేని పెద్దల సంగతులు అక్కడ అడగవచ్చు.

డిమెన్షియా కుటుంబాల కోసమే పుట్టిన సంస్థ అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా. 1992లో కేరళలో డాక్టర్ జాకబ్ రాయ్ దీన్ని స్థాపించారు. హైదరాబాద్‌లో దక్కన్ శాఖ ఉంది. కేరళ ప్రభుత్వం ఈ సంస్థతో కలిసి స్మృతిపథం పేరుతో పగటి సంరక్షణ కేంద్రాలు నడిపింది. పొద్దున పెద్దలను అక్కడ దింపి సాయంత్రం తెచ్చుకుంటారు. కరీంనగర్‌కూ మంచిర్యాలకూ అలాంటివి కావాలని అడిగే హక్కు మనకుంది.

మంచం పట్టిన చివరి దశలో, పుండ్లు పడినప్పుడు, మింగలేనప్పుడు జిల్లా దవాఖానలో బాధ తగ్గించే పాలియేటివ్ కేంద్రాన్ని అడగండి. ఆలన పేరుతో ఇంటికి వచ్చి చూసే బృందాలను రాష్ట్రంలో ఏర్పాటు చేశారు. డబ్బు విషయానికొస్తే, 2023 నాటికి ఆసరా వృద్ధాప్య పింఛను నెలకు 2,016 రూపాయలు, దివ్యాంగుల పింఛను 4,016. డిమెన్షియా తీవ్రతను కొలిచే పద్ధతి వైకల్య నిర్ధారణ నిబంధనల్లో ఉంది. కాబట్టి మానసిక వైద్య నిపుణుల చీటీతో సదరం శిబిరంలో అడిగి చూడండి. కన్నవారిని వదిలేస్తే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయవచ్చు.

ఇవన్నీ ఉన్నాయి, కానీ విడివిడిగా ఉన్నాయి. వీటిని ఒక ఇంటి గడప దాకా తెచ్చే మనిషే మన దగ్గర కరువు. గోవాలో ఆ పని చేసింది శిక్షణ పొందిన మామూలు మనుషులే. మన ఊళ్ళో మహిళా సంఘం ప్రతి నెలా కూర్చుంటుంది. పొదుపు, అప్పు లెక్కలు అయ్యాక పది నిమిషాలు దీనికి ఇవ్వండి. "మీ ఇంట్లో పెద్దలెట్ల ఉన్నరు? రాత్రి నువ్వు పండుకుంటున్నవా?" అని అడగండి. ఒకరు నోరు తెరిస్తే మిగతావాళ్ళు తెరుస్తారు. 14416, 14567 నంబర్లు రెండూ సంఘం పుస్తకం అట్ట మీద రాయండి. ఆశా కార్యకర్తను పిలిచి కూర్చోబెట్టుకోండి. వంతులవారీగా ఒకరింటికి ఒకరు వారానికి రెండు గంటలు తోడుపోండి. సర్కారు నుంచి శిక్షణ, పగటి కేంద్రాలు అడగడానికి కూడా ఇలా పోగైన గొంతులే కావాలి. ఎవలకు చెప్పుకోవాలె అని అడిగిన కోడలికి మొదటి జవాబు ఆ నెల సమావేశంలో దొరకాలి.